అనుమాన ప్రమాణము

'అనుమానము' అను మాటకు మన భాషలో రెండు బ్రతుకులు కలవు. ఇంటివాకిట, అంగడివీథిలో, కచ్చేరీమెట్లమీద అది సందేహమునకు పేరు. ఒకనిమీద అనుమానపడుట యనగా వానిని నమ్మకుండుటయే. తర్కశాస్త్రము చదువుకొన్నవారి నోట అదే మాట నమ్మికకు ఆధారమగు ప్రమాణములలో నొకటి. కొండమీద పొగ కనబడుచున్నది. పొగ యున్నచోట నిప్పుండుట వంటయింటిలో చూచియున్నాము. కావున కొండమీదను నిప్పు కలదు. తెలుగువాడగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున చిన్నపిల్లలకు సైతము బోధపడునట్లు చెప్పిన పాఠమిది. వియత్నాము యుద్ధమున పనిచేసి వచ్చిన అమెరికా సైనికులు తమ రోగములకు పరిహారము కోరి నడపిన దీర్ఘమైన తగవును గూర్చి చదువుచున్నప్పుడు ఈ రెండర్థములును నాకు మాటిమాటికి గుర్తునకు వచ్చుచుండెను. వారికి సర్కారునుండి ముందుగా దొరకినది మొదటి అనుమానము. రెండవది దొరకుటకు, యుద్ధము ముగిసిన పిమ్మట పదునారేండ్లు పట్టినది. అప్పటికి దరఖాస్తు పెట్టుకొన్నవారిలో పలువురు లేకపోయిరి.

పొగ సంగతి ముందు చెప్పవలెను. అది పుట్టినది రణరంగమున కాదు. మొక్కల పెరుగుదలను ప్రేరేపించు ద్రవ్యములను శోధించు శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలలో. ఆ ద్రవ్యములు మితముగా నున్నపుడు మొక్కను పెంచును. మితిమీరినపుడు ఆ మొక్కయే తన పెరుగుదలను తాను తాళలేక, మెలికలు తిరిగి, ఆకు రాల్చి, ఎండిపోవును. రెండవ ప్రపంచయుద్ధకాలమున చికాగో విశ్వవిద్యాలయపు ఎజ్రా క్రాస్ మొదలగువారు ఈ గుణమును శత్రువు పంటలమీద ప్రయోగింపవచ్చునని సర్కారువారికి సూచింపగా, మేరీలాండులోని క్యాంపు డెట్రిక్కున ఇట్టి ద్రవ్యములను వందలకొలది పరీక్షించిరి. వానిలో మేలైనవిగా తేలినవి 2,4-డి, 2,4,5-టి. వానిని ప్రయోగింపకమునుపే ఆ యుద్ధము ముగిసినది. మందులు రైతుల చేతికి వచ్చినవి. మన కృష్ణాగోదావరీ మాగాణులలో వరిచేల వెడల్పాకు కలుపునకు కొట్టు 2,4-డి ఆ జంటలో మొదటిది. అది ఒంటరిగా నున్నంతకాలము కలుపుమందు మాత్రమే. కథ అంతయు రెండవదానితో వచ్చినది.

2,4,5-టిని తయారుచేయునపుడు వేడిమి హద్దుమీరినచో డయాక్సిను అను మలినము అందులో చేరును. త్వరపడి ఎక్కువ సరకు తీయగోరినకొలది ఆ మలినము హెచ్చును. అది కంటికి కనబడదు, నీటిలో సులభముగా కరగదు. క్రొవ్వులో చేరి యేండ్లతరబడి దేహమును విడువదు. 1949లో వెస్టు వర్జీనియా రాష్ట్రమున నైట్రో అను ఊర మోన్సాంటో కర్మాగారములో ప్రమాదము జరిగి ఈ ద్రవ్యము చిమ్మినపుడు, కూలీల ముఖములమీదను వీపులమీదను మొటిమలవంటి పొక్కులు లేచి చాలకాలము మానకపోయెను. వైద్యులు ఆ రోగమును క్లోరాక్నె యందురు. ఈ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, ఏలయన చాలకాలమువరకు సర్కారువారు ఒప్పుకొనిన రోగము ఇదొక్కటే.

ఇచట ఒక పొరపాటును సవరింపవలసియున్నది. ఆర్థరు గాల్‌స్టను అను వృక్షశాస్త్రజ్ఞుడు, వియత్నాములో చల్లిన ఈ రెంటి మిశ్రమమగు ఏజెంట్ ఆరెంజిని కనిపెట్టెనని పెక్కుచోట్ల వ్రాయుదురు. అది నిజము కాదు. 1943లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున ఆయన పట్టముకొరకు చేసిన పరిశోధన సోయాచిక్కుడును త్వరగా పూయించుటను గూర్చినది. అందుకు వాడిన ద్రవ్యము వేరు. మోతాదు హెచ్చినచో ఆకులు రాలునని మాత్రము ఆయన వ్రాసియుంచెను. ఆకు రాల్చు మందులకై సైన్యమువారు చేసిన వెదకులాటలో తన వ్రాతను కూడ చూచిరని తరువాత తెలిసికొని, ఆ భారమును మనస్సునుండి దించుకొనలేక, వియత్నాములో మందు చల్లుట మాన్పించుటకు పోరాడినవారిలో ముందు నిలిచెను. నేలను, నీటిని, చెట్టును చంపు పాతకమునకు 'ఎకోసైడు' అను పేరు 1970లో పెట్టినవాడు ఆయనయే. చేయని పాపమునకు ప్రాయశ్చిత్తము చేసికొన్నవారు చరిత్రలో అరుదు.

శత్రువు దాగిన వనమును శత్రువుగా నెంచుట క్రొత్త కాదు. ఖాండవము దగ్ధమైనపుడు కృష్ణార్జునులు చుట్టును కాచి, వెలుపలికి పారిపోవు ప్రాణిని పోనీయకుండిరి. మనుస్మృతి సప్తమాధ్యాయమున, విషము పూసిన ఆయుధములతో పోరాడరాదని యొకచోట నిషేధము కలదు. అదే యధ్యాయమున మఱియొకచోట, ముట్టడిలో నున్న శత్రువుయొక్క గడ్డిని, అన్నమును, నీటిని, వంటచెఱకును పాడుచేయుమని అనుజ్ఞ కలదు. మనిషికి తగులు విషము తప్పు, గడ్డికి తగులు విషము ఒప్పు అను నీ భేదమునే 1961 నవంబరులో అమెరికా విదేశాంగమంత్రి డీన్ రస్కు తనదైన భాషలో అధ్యక్షుడు కెన్నడీకి నివేదించెను: ఆకు రాల్చు మందు వాడుట అంతర్జాతీయ న్యాయమునకు విరుద్ధము కాదు, మలయా గెరిల్లాలపై ఆంగ్లేయులు దానిని ఇదివరకే వాడియున్నారు. ఆ ఆకు క్రింద మనుష్యు డుండునని, ఒక్కొక్కప్పుడు ఆ మనుష్యుడు తమ సైనికుడే యగునని ఆనాడు ఎవరికిని ముఖ్యవిషయముగా తోచలేదు.

నివేదికకు మునుపే పరీక్ష మొదలైనది. 1961 ఆగస్టు 10వ తేదీని కొంతుం పట్టణమునకు ఉత్తరపు బాటవెంట ఒక హెలికాప్టరునుండి తొలిసారి మందు చల్లిరి. 1962 జనవరినుండి 'ఆపరేషన్ రాంచ్ హ్యాండ్' అను పేర వాయుసేనవారి సీ-123 విమానములు ఆ పనికి పూనుకొన్నవి. ఒక్కొక్కదానిలో 1,000 గాలనుల తొట్టి. నేలకు సుమారు 150 అడుగుల యెత్తున చెట్లకొనల నొరసికొనుచున్నట్లు పోవుచు, నాలుగైదు నిమిషములలో ఆ తొట్టిని ఖాళీచేయుదురు. వెనుక తెల్లని మంచుతెరవలె తుంపర దిగును. మందు 55 గాలనుల ఇనుపపీపాలలో వచ్చెడిది. పీపాకు నడుమ ఒక రంగుపట్టె. ఆ పట్టె రంగే మందునకు పేరు. గులాబి, ఆకుపచ్చ, ఊదా, తెలుపు, నీలి, నారింజ. ద్రవ్యమే నారింజరంగున నుండెనని కొంద రనుకొందురు గాని రంగు పీపాది మాత్రమే. 2,4-డి, 2,4,5-టి సమపాళ్ల కలిపిన నారింజపట్టె మందే ఏజెంట్ ఆరెంజి. 1971 వరకు చల్లిన మందులన్నియు కలసి ఇంచుమించు 2 కోట్ల గాలనులు. అందు సగమునకు మించినది ఆరెంజి. సముద్రతీరపు మడ అడవులు, కొండ అడవులు, బాటలప్రక్క పొదలు పోయినవి. ధాన్యము శత్రువునకు చేరునను అనుమానముతో పల్లెవాండ్ర వరిచేలు కూడ పోయినవి. అడవికి నిప్పంటకుండ చూచుకొమ్మని ఎలుగుబంటి బొమ్మతో అమెరికా అటవీశాఖవారు వేయు ప్రకటనను వెక్కిరించుచు, అడవి లేకుండ చూడగలవాడవు నీవేయని ఆ విమానదళమువారు తమ బసలో వ్రాసిపెట్టుకొనిరట. నవ్వుకొనువయస్సు వారిది.

నేలమీది సైనికులకు ఈ మందు భయము లేదు. మనుష్యులకు హాని చేయదని పైవారి మాట. విమానములే కాక చేతిపంపులతో, లారీలతో, పడవలతో స్థావరముల కంచెలచుట్టును చల్లెడివారు. ఖాళీ పీపాలను అడ్డముగా కోసి మాంసము కాల్చుకొను కుంపట్లుగా వాడుకొన్నవారు కలరు. 2,4,5-టి చుంచెలుకల పిల్లలలో అవయవలోపములు కలిగించుచున్నదని 1969లో ప్రకటితము కాగా, 1970 ఏప్రిలులో వియత్నామున ఆరెంజి వాడకమును నిలిపిరి. 1971 జనవరిలో రాంచ్ హ్యాండ్ విమానములు కడపటిసారి ఎగిరినవి. మిగిలిన పీపాలను ఏమిచేయవలెనో తోచక ఏండ్లపాటు నిలవపెట్టి, తుదకు 1977లో పసిఫికు మహాసముద్రమున జాన్‌స్టన్ దీవి దగ్గర 'వల్కనస్' అను ఓడలో వానిని కాల్చివేసిరి. సరకు బూడిదయైన ఆ సంవత్సరముననే తగవు మొదలగుట విధివిలాసము.

చికాగోలో, మాజీ సైనికుల పింఛనులు చూచు వెటరన్స్ అడ్మినిస్ట్రేషను కార్యాలయమున మాడ్ డివిక్టర్ అను నామె దరఖాస్తుదారులకు సలహా చెప్పు చిన్న ఉద్యోగములో నుండెను. 1977లో ఒక సైనికుని భార్య ఆమెతో మాటాడుచు, కాన్సరుతో తీసికొనుచున్న తన భర్త, అది వియత్నాములోని మందువలన వచ్చినదని చెప్పుచున్నాడనెను. ఇట్టి మాటలు గుమాస్తాల బల్లలమీద రోజును ఎన్నియో పడుచుండును. ఆమె దీనిని దులిపివేయలేదు. తన కడకు వచ్చిన ప్రతివానిని నీవెచట నుంటివి, మందు చల్లుట చూచితివా, ఇప్పుడు ఏ రోగమున్నది, బిడ్డలెట్లున్నారు అని యడిగి వ్రాసికొన మొదలిడెను. శాస్త్రజ్ఞుని పరికరములు ఆమెకు లేవు. ఉన్నవి ఒక టెలిఫోను, కాగితము, పొగను నిప్పును జతపరుచు ఇంటియిల్లాలి తెలివి. పైయధికారులకు అది రుచింపలేదు. ఆమె సేకరించినది చికాగో టెలివిజనువాడగు బిల్ కర్టిసునకు చేరగా, అతడు 1978 మార్చిలో దానిపై చిత్రము ప్రసారము చేసెను. దేశమందలి సైనికులు, ఇరుగుపొరుగువారికి చెప్పుకొన సిగ్గుపడి దాచుకొన్న పొక్కులను, గడ్డలను, పుట్టి పోయిన బిడ్డలను, ఒక్కసారిగా లెక్కలోనికి తెచ్చుకొనిరి. కొన్నేండ్లకు ఆమె ఉద్యోగము పోయెను. ఈ చరిత్రలో నాకు అందరికంటె నచ్చిన పాత్ర ఆమెయే.

ఆ చిత్రము వచ్చిన యేటనే పాల్ రాయిటర్షాన్ అను యువకుడు, వియత్నాములో హెలికాప్టరు దళమున పనిచేసినవాడు, కడుపులో కాన్సరుతో టెలివిజనులో కనబడి, తాను వియత్నాములోనే చచ్చితినని, ఆ సంగతి అప్పుడు తెలియలేదని చెప్పెను. మందు తయారుచేసిన కంపెనీలపై దావా వేసి, తోటి బాధితులకొక సంఘము పెట్టి, 1978 డిసెంబరులో 28 యేండ్ల వయస్సున మరణించెను.

కంపెనీలమీద దావా యేల, సర్కారుమీద ఏల కాదు అని పాఠకులకు తోచవచ్చును. కొలువులో తగిలిన గాయమునకు సైనికుడు తన సర్కారును కోర్టు కీడ్వరాదని 1950లో సుప్రీముకోర్టు ఫెరెస్ అను వ్యాజ్యమున తీర్పుచెప్పియుండెను. కావున డౌ, మోన్సాంటో మొదలగు కంపెనీలే ప్రతివాదులైనవి. సర్కారు చెప్పిన పాకము ప్రకారము చేసి యిచ్చితిమి, మా తప్పేమియని వారు. మామీద దావా చెల్లదని సర్కారు. రోగమునకు మందే కారణమని రుజువు లేదని శాస్త్రము. వేలకొలది దావాలను ఒక్కటిగా కూర్చి న్యూయార్కులో జాక్ వైన్‌స్టీన్ అను న్యాయమూర్తి విచారణకు తేది పెట్టగా, 1984 మే 7వ తేదీని, సరిగా విచారణ మొదలుకావలసిన వేకువజామున, 18 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. కంపెనీలు తప్పొప్పుకొనలేదు. సాక్షులు బోనెక్కలేదు, డయాక్సిను సంగతి ఎవరి కెప్పుడు తెలియునో ప్రశ్నింపబడలేదు. వడ్డీతో పెరిగిన ఆ సొమ్మును తరువాతి సంవత్సరములలో పంచినపుడు, అర్జీలు పెట్టిన 1,05,000 మందిలో సుమారు 52,000 మందికి ముట్టినది సగటున 3,800 డాలర్లు. రాజీ నొల్లక విడిగా నిలిచినవారి దావాలను, కార్యకారణములు తేలలేదని, మఱుసటి యేడే అదే న్యాయమూర్తి కొట్టివేసెను.

ఇక మిగిలినది సర్కారు పరిహారమే. అమెరికాలో సైనికునకు అంగవైకల్యపు పింఛను దొరకవలెనన్న రోగమునకును కొలువునకును 'సంబంధము' కుదరవలెను. మన పెండ్లిలోవలెనే ఈ సంబంధమునకును మూడు ముళ్లు: ఇప్పుడు రోగ మున్నదని ఒకటి, కొలువులో నుండగా దానికి మూలమగు సంఘటన జరిగినదని ఒకటి, ఈ రెంటిని కలుపు వైద్యుని మాట యొకటి. మూడును పడినపిమ్మట వైకల్యమును నూటికింతయని పదులలో కొలిచి, దాని ననుసరించి నెలనెలకు సొమ్ము నిర్ణయింతురు. కాలు తెగినవానికి మూడు ముళ్లును యుద్ధరంగపు ఆసుపత్రి చీటిలోనే పడియుండును. మంచుతెరవంటి తుంపర మీదపడి, పది పదునైదేండ్లకు మెడలో గడ్డ తేలినవాని గతి యేమి? కొలువు విడుచునపుడిచ్చిన కాగితములో అతడు వియత్నాములో పనిచేసెనని యుండును గాని, ఏ గాలి ఏ తుంపరను ఏనాడు వానిమీదికి తెచ్చెనో యుండదు. చల్లిన విమానముల దినచర్యలు ఒకచోట, దళముల కదలికలు మఱియొకచోట. రెంటిని పోల్చి యెవరి కెంత తగిలెనో తేల్చుటకు ప్రభుత్వ వ్యాధినివారణ కేంద్రమువారు పూనుకొని, అది సాధ్యము కాదని 1987లో విరమించిరి. సర్కారు చేయలేని లెక్కను రోగితో చేసి తెమ్మనుట ఇది. 'త్రోసిపుచ్చుము, జాగుచేయుము, చచ్చువరకు కాచుకొనుము' అని తమ కార్యాలయపు పద్ధతిని గూర్చి సైనికులు చెప్పుకొను నానుడి అప్పటి కసి నెఱిగించును.

1984లో శాసనసభ ఒక చట్టము చేసి, ఏ రోగములకు పరిహారమీయవచ్చునో నిర్ణయింపుమని వెటరన్స్ అడ్మినిస్ట్రేషనును ఆదేశించినది. 1985లో వారు చేసిన నిబంధనలో, నేను మున్ను జ్ఞాపకముంచుకొమ్మనిన క్లోరాక్నె యొక్కటియే చోటు చేసికొనెను. అదియు మందు తగిలిన మూడు నెలలలోపల కనబడియుండవలెను. నైట్రో కూలీల ముఖములమీద 1949లో కంటికి కనబడినదే 1985లోను కనబడినది, అంతకు మించి యొక్క అంగుళము కదలలేదు. దీనిపై 1986లో నెమర్ అను పేర వ్యాజ్యము వేయబడినది. 1989 మేలో కాలిఫోర్నియా న్యాయమూర్తి థెల్టన్ హెండర్సన్ ఆ నిబంధనను కొట్టివేయుచు చెప్పినది తర్కశాస్త్రజ్ఞులు చదివి యానందింపదగినది. రోగమునకు మందు కారణమని రుజువు కావలెనని అడ్మినిస్ట్రేషనువా రడిగిరి. చట్టమడిగినది అది కాదు. మందు తగిలినవారిలో ఆ రోగము ఎక్కువగా కనబడుచున్నదా, లెక్కలలో ఆ రెంటికిని గట్టి పొత్తు కలదా యనునది మాత్రమే. మన తార్కికులు సాహచర్యమని వ్యవహరించున దిదియే. పొగయు నిప్పును కూడియుండుట. కార్యకారణముల లోతు తేల్చుట శాస్త్రము పని. పింఛను గుమాస్తాకు సాహచర్యము చాలును. అదిగాక, ఇరుప్రక్కల సాక్ష్యము సమముగా తూగినపుడు ఆ సంశయపు లాభము సైనికునకే చెందవలెనను పాతనియమము అమెరికా పింఛను న్యాయములో కలదు. దానిని గూడ అడ్మినిస్ట్రేషనువారు పాటింపలేదని తీర్పు.

ఈ ఘట్టమున ప్రవేశించినవాడు అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్. 1968 మొదలు రెండేండ్లు వియత్నాము నౌకాదళమునకు అధిపతిగా నుండి, మెకాంగు డెల్టాలోని ఇరుకు కాలువలకు పడవలను పంపినవాడు. ఒడ్డున దట్టమైన పొదలు. పది గజముల దూరమునుండి తుపాకి ప్రేలినను ప్రేల్చినవాడు కనబడడు. ఏడాది తిరుగులోపల తన పడవలవారిలో నూటికి డెబ్బదిమంది చచ్చుటయో గాయపడుటయో తప్పదని ఆయన వేసికొన్న లెక్క. ఒడ్డుల వెంబడి మందు చల్లింపుమని ఆయన ఆజ్ఞ ఇచ్చెను, పొదలు మాడినవి, ప్రాణనష్టము తగ్గినది. అట్టి పడవ నొకదానిని నడపిన లెఫ్టినెంటు ఆయన పెద్దకొడుకు, తండ్రి పేరే కలవాడు. యుద్ధము ముగిసినపిమ్మట ఆ కొడుకునకు లింఫోమా, దానిపై హాడ్జికిన్స్ వ్యాధి. మనుమడు ఇంద్రియములు పొందికగా పనిచేయని లోపముతో పుట్టెను. తండ్రీకొడుకులు కలసి 1986లో తమ కథను పుస్తకముగా వ్రాసిరి. అందు ఒకరినొకరు నిందించుకొనలేదు. ఆ స్థితిలో మరల నిలువవలసివచ్చినను ఆ యాజ్ఞయే యిత్తునని, అది కాపాడిన ప్రాణములు ఎక్కువయని తండ్రి చెప్పుచుండెను. 1988లో 42 యేండ్ల వయస్సున కొడుకు మరణించెను.

అటుపిమ్మట అడ్మిరలు ఊరకుండలేదు. పింఛనుశాఖకు మంత్రియైన ఎడ్వర్డు డెర్విన్‌స్కి కోరికపై శాస్త్రగ్రంథములన్నియు తిరుగవేసి, 1990లో ఒక నివేదిక సమర్పించెను: ఇదివరకు సర్కారు తరఫున జరిగిన అధ్యయనములలో కొన్ని లోపభూయిష్ఠములు, కొన్ని కావలసినట్లు మలచినవి, ఇరువదికి మించిన రోగములకు ఈ మందుతో సాహచర్యము కలదు. ఇతరుడు చెప్పినచో ఎవరును లెక్కచేసియుండరు. మందు చల్లింపుమని ఆజ్ఞ ఇచ్చి, కొడుకును పోగొట్టుకొని, ఆజ్ఞను తప్పనక, ఫలమును కాదనక నిలిచిన ముదుసలి సేనాధిపతికి ఎదురాడుట ఎవరికిని సాధ్యము కాలేదు.

1991 ఫిబ్రవరి 6వ తేదీని, మఱియొక యుద్ధము ఇరాకులో జరుగుచుండగా, అధ్యక్షుడు జార్జి బుష్ ఏజెంట్ ఆరెంజి చట్టముపై సంతకము చేసెను. ఉభయసభలలోను ఒక్క వ్యతిరేకపు ఓటు పడలేదు. ఆ చట్టము చేసిన పని చిన్నది, లోతైనది. 1962 జనవరి 9కిని 1975 మే 7కిని నడుమ వియత్నాములో పనిచేసిన ప్రతివానికిని మందు తగిలినదనియే యెంచవలెను. జాబితాలో నున్న రోగము వానికి వచ్చినచో అది కొలువువలన వచ్చినదనియే యెంచవలెను. రెండవ ముడియు మూడవ ముడియు శాసనమే వేసినది. సైనికుడు చూపవలసినవి రెండే, తన కాగితమును తన రోగమును. జాబితాలో ఏది చేరవలెనో నిర్ణయించుటకు సర్కారు చేతిలో లేని శాస్త్రజ్ఞుల సంస్థయగు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ రెండేండ్లకొకసారి ప్రపంచమందలి అధ్యయనముల నన్నిటిని చదివి నివేదింపవలెను.

జాబితా పెరుగుటయే తరువాతి ముప్పదియేండ్ల చరిత్ర. మొదట లింఫోమా, మృదుకణజాలపు కాన్సరు; 1994లో ఊపిరితిత్తుల కాన్సరు, మైలోమా; 1996లో ప్రోస్టేటు కాన్సరు; 2001లో మధుమేహము; 2010లో గుండెరక్తనాళముల జబ్బు, పార్కిన్సన్ వ్యాధి; 2021లో మూత్రాశయపు కాన్సరు. మధుమేహము, గుండెజబ్బు చేరినపుడు కొందరు ఆక్షేపించిరి: అరువదియేండ్లు దాటినవానికి ఈ రోగములు మందు తగులకున్నను వచ్చునవే కదా, ఇందరికి నిచ్చుట సొమ్ము పారవోయుట కాదా? ఆ యాక్షేపణ నిరాధారమైనది కాదు. ఈ పద్ధతిలో డయాక్సిను సోకనివాడు కొందరైనను పింఛను పొందుచునే యుందురు. కాని ఎవరికి సోకెనో తేల్చు కొలబద్ద ప్రపంచములో లేనప్పుడు, ఒకరిద్దరు అర్హులు కానివారు తినిపోవుదురని పదిమంది అర్హులను పస్తుంచుట న్యాయము కాదని శాసనకర్తల కప్పటికి తోచినది. తోచుటకు ఆలస్యమైనది, అంతియే. నెమర్ వ్యాజ్యపు రాజీ ననుసరించి, జాబితాలో క్రొత్తరోగము చేరినప్పుడెల్ల, మున్ను త్రోసివేసిన దరఖాస్తులను సర్కారే వెదకి తీసి, దరఖాస్తు పెట్టిననాటినుండి లెక్కకట్టి చెల్లింపవలెను. మనిషి లేనిచో వాని వారసులకు. భర్తకు 1980ల నాడు 'రుజువు లేదు' అని వచ్చిన జాబును పెట్టెలో దాచుకొన్న వితంతువులకు, ఆ జాబే ఇరువదియేండ్లకు హుండీవలె చెల్లినది.

చట్టము గీసిన గీటుకు వెలుపల నిలిచినవారి కథ వేరు. వియత్నామున 'పనిచేసిన' యనగా నేలమీద కాలుమోపిన అని 2002లో పింఛనుశాఖ అర్థము చెప్పుకొని, తీరమునకు దూరముగా ఓడలమీదనే యున్న నావికులను తొలగించినది. కాలు మోపనివానికి మందెట్లు తగులునని వాదము. నీటిద్వారా, అని సమాధానము వచ్చినది ఆస్ట్రేలియానుండి. ఓడలలో సముద్రపునీటిని కాచి, ఆవిరిని చల్లార్చి త్రాగునీరు చేసికొందురు. తీరపు నీటిలో డయాక్సిను ఉన్నచో అది ఆవిరితో కూడ పోయి త్రాగునీటిలో చిక్కబడునని క్వీన్స్‌లాండు పరిశోధకులు 2002లో చూపిరి. పొగకు బదులు ఆవిరి, పాఠము అదియే. అయినను 2008లో అప్పీలు న్యాయస్థానము నావికులకు ప్రతికూలముగా తీర్పుచెప్పినది; ప్రొకోపియో వ్యాజ్యమున 2019 జనవరిలో అదే న్యాయస్థానము తన తీర్పును తానే మార్చుకొని, తీరమునుండి 12 మైళ్ల సముద్రము దేశములోని భాగమే యనెను. ఆ జూనులో శాసనసభయు ఒప్పుకొన్నది. మఱికొందరు వియత్నామునే యెఱుగరు: రాంచ్ హ్యాండ్ విమానములను స్వదేశమునకు తెచ్చి 1980ల తొలినాళ్లవరకు నడపిన రిజర్వుదళమువారు. ఆ విమానముల గోడలకంటిన మడ్డికి వారి కిచ్చిన గుర్తింపు 2015లో.

బిడ్డల విషయము తాకుటకే కష్టము. వెన్నెముక మూసికొనక పుట్టు స్పైనా బైఫిడాకు 1996లో చట్టము చేసి, సైనికుల బిడ్డలకు సర్కారు నెలసరి యియ్యసాగినది. అప్పటివరకు సైనికుని దేహమే సర్కారు లెక్కలోనిది. అది మొదలు వాని సంతతియు లెక్కలోనికి వచ్చినది. తక్కిన లోపములకు, స్త్రీలు సైనికులైనచో వారి బిడ్డలకు మాత్రము, 2000లో కొంత చేసిరి. తండ్రుల బిడ్డలకు లేదు. ఈ భేదమునకు కారణము శాస్త్రమున కలదు. తండ్రుల మనస్సులో లేదు.

అదే యుద్ధమున పోరాడిన తక్కిన దేశములవారు తలకొక త్రోవను పోయిరి. ఆస్ట్రేలియాలో న్యాయమూర్తి ఫిలిప్ ఎవాట్ విచారణసంఘము 1985లో మందు నిర్దోషియని తీర్పు చెప్పినది. న్యూజీలాండు చాలకాలము కాదని, తుదకు 2008లో సైనికులను క్షమాపణ కోరెను. దక్షిణకొరియా సైనికులు వేలమంది కంపెనీలపై దావా వేయగా, 2013లో అచటి సుప్రీముకోర్టు 39 మందికే పరిహారము నిలిపినది. వారి రోగము క్లోరాక్నె.

మఱి తుంపర పడిన నేలవారి మాట? 2004లో వియత్నాము బాధితుల సంఘము అమెరికా న్యాయస్థానములోనే కంపెనీలపై దావా వేసెను. విచారించినవాడు ఇరువదియేండ్ల క్రిందట సైనికులకు రాజీ కుదిర్చిన వైన్‌స్టీన్. మొక్కలకై యుద్దేశించిన మందు ఆనాటి అంతర్జాతీయ న్యాయములో నిషిద్ధమైన విషము కాదని 2005 మార్చిలో ఆయన దావాను కొట్టివేసెను. పైకోర్టులును అట్లే యనినవి. డీన్ రస్కు నివేదికలోని మాట నలువదిమూడేండ్లకు తీర్పులో పలికినది. ఆ మందు సోకి బాధపడుచున్నవారు తమ దేశమున ముప్పది లక్షలని వియత్నాము రెడ్‌క్రాసువారి అంచనా. మందు చల్లిన జిల్లాలలోని వికలాంగులకు అమెరికా సాయము చేయకపోలేదు. ఆ సాయపుపత్రములలో వైకల్యము 'ఏ కారణముచేత వచ్చినను' అని వ్రాయుదురు. తన సైనికునకు కారణమును రుజువులేకుండ ఒప్పుకొన్న సర్కారు, పరాయివానికి కారణమనుమాటనే తీసివైచి సొమ్మిచ్చుచున్నది.

2022 ఆగస్టు 10వ తేదీని అధ్యక్షుడు బైడెన్ మఱియొక చట్టముపై సంతకము చేసి, రక్తపోటును గూడ జాబితాలో చేర్చెను. థాయిలాండు మొదలగుచోట్ల పనిచేసినవారిని గీటులోనికి తెచ్చెను. రక్తపోటునకు చాలినంత ఆధారము కలదని శాస్త్రజ్ఞులు చెప్పి అప్పటికి నాలుగేండ్లు. కొంతుం బాటపై మొదటి తుంపర పడి సరిగా 61 యేండ్లు. తేది యాదృచ్ఛికముగా కుదిరినదే కావచ్చును. వియత్నాములో మాత్రము అది ఏటేట జరుపుకొను బాధితుల దినము.

పీపాలు నిలవయుండిన విమానస్థావరములలో మట్టి, యుద్ధము ముగిసి యేండ్లు గడచినను, విషముగానే యుండెను. దనాంగులో సుమారు 90,000 ఘనమీటర్ల మట్టిని తవ్వి, గూడుకట్టి, లోపల ఇనుపకడ్డీలతో 300 డిగ్రీలకు పైగా కాల్చి, ఆ పనిని 2018లో ముగించిరి. బియెన్ హోవాలో అంతకు అయిదింతలు తేలినది. అచట తవ్వకముకంటె ముందుగా అడుగడుగునకు గుంట తీసి, మన్ను సీసాలలో నింపి, డయాక్సిను పాలెంతయో కొలిచిరి.